కథ తెలిస్తే తప్ప అర్థం కాని భాష

సినిమాల కోసం, టీవీ ధారావాహికల కోసం కల్పించిన గ్రహాంతర భాషల్లో ఎక్కువ వాటికి వింతదనమంతా ధ్వనిలోనే ఉంటుంది. స్టార్ ట్రెక్ సినిమాల కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త క్లింగాన్ భాషను తీర్చిదిద్దాడు, 1985లో దానికి నిఘంటువు కూడా వేశాడు. 2009లో వచ్చిన అవతార్ కోసం పాల్ ఫ్రోమర్ నావీ భాషను తయారుచేశాడు. మన బాహుబలి మొదటి భాగంలో (2015) కాలకేయులు మాట్లాడే కిలికి భాష మదన్ కార్కీ సృష్టి. కాలకేయులు భూమ్మీది మనుషులే అయినా అక్కడ జరిగిన పని కూడా ఇదే. క్లింగాన్ వాక్యంలో కర్మ ముందొస్తుంది, కర్త చివరన వస్తుంది. అయినా ఈ భాషలన్నీ అర్థం చెప్పే తీరులో మన భాషలకు తోబుట్టువులే. వస్తువుకో మాట, పనికో మాట, వాటిని కలపడానికి కొన్ని నియమాలు ఉంటాయి. నిఘంటువు, వ్యాకరణం చేతికిస్తే ఓపికున్నవాళ్లు నేర్చుకోవచ్చు. క్లింగాన్, నావీ అలా నేర్చుకున్నవాళ్లు ఉన్నారు కూడా. నిఘంటువు, వ్యాకరణం రెండూ చేతిలో ఉన్నా అర్థం కాని భాష ఒకటి ఉంది. తెర మీద వినిపించిన దాని వాక్యాలు కొద్దే. భాష అంటే ఏమిటి, అర్థం ఎక్కడుంటుంది అన్న ప్రశ్నకు మిగతా కల్పిత భాషలన్నిటికన్నా అదే దగ్గరగా వెళ్లిందని నా అభిప్రాయం.

స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్ అయిదో సీజన్‌లో రెండో ఎపిసోడ్ పేరు డార్మాక్. ఆ భాష మొదట వినిపించింది అందులోనే. 1991 సెప్టెంబరు చివర అమెరికాలో ప్రసారమైంది. కథ జో మెనాస్కీ, ఫిలిప్ లాజెబ్నిక్ అల్లారు, స్క్రిప్టు మెనాస్కీ రాశాడు. ఆ ధారావాహికలో ఏ జాతి ఏ భాష మాట్లాడినా అప్పటికప్పుడు మార్చిపెట్టే అనువాద యంత్రం ఉంటుంది. టమారియన్లనే జాతి ఎదురైనప్పుడు కూడా ఆ యంత్రం చక్కగానే పనిచేస్తుంది. చేతులు, గోడలు, నది, చలికాలం, కళ్లు, సేన, పిడికిలి, ఇలా మాటలన్నీ విడివిడిగా తెలుస్తూనే ఉంటాయి. చెప్పిందేమిటో మాత్రం అందదు. టమారియన్ నౌక నాయకుడు డేథాన్, టనాగ్రా దగ్గర డార్మాక్, జలాద్ అంటాడు. వినే అవతలి నౌక కెప్టెన్ పికార్డ్‌కు ఇవి రెండు పేర్లు, ఒక ఊరో దీవో, అంతే. ఆ ఇద్దరూ అక్కడ ఏం చేశారో తెలిసినవాడికి అదొక నిండు వాక్యం. ఒకరినొకరు ఎరగని ఇద్దరు చెరో దారిన ఒంటరిగా ఆ దీవికి చేరారు, ఒకే మృగాన్ని కలిసి ఎదిరించారు, వెళ్లేటప్పుడు కలిసి వెళ్లారు. మనమూ అలా చేద్దాం రమ్మని డేథాన్ పిలుస్తున్నాడన్నమాట. గోడలు కూలిన వేళ షాకా అంటే ఓటమి. చేతులు చాచిన టెంబా అంటే ఇవ్వడం. కళ్లు తెరుచుకున్న సోకాథ్ అంటే విషయం బోధపడటం. తెరచాపలు విప్పిన మిరాబ్ అంటే ఇక కదలమని.

దీన్ని సామెతల మూటగా కొట్టిపారేసేవాళ్లున్నారు. కాస్త దగ్గరికెళ్లి చూస్తే అలా అనిపించదు. డేథాన్, పికార్డ్ ఒక గ్రహం మీద దిగాక అక్కడి మృగం వాళ్ల మీద పడుతున్నప్పుడు డేథాన్ మొదట పిడికిలి విప్పిన ఉజానీ సేన అంటాడు. ఇద్దరూ విడిపోయి దాన్ని మధ్యలోకి రప్పించాలని దాని భావం. కాసేపటికి పిడికిలి బిగించిన ఉజానీ సేన అంటాడు. ఇప్పుడు ఇరువైపుల నుంచి మూసుకొచ్చి కొట్టాలి. పేరు మారలేదు, సేన మారలేదు, పిడికిలి స్థితి ఒక్కటే మారింది. దాంతో అర్థం ఒక పని నుంచి దాని తర్వాతి పనికి కదిలింది. డార్మాక్ కూడా అంతే. అతను సముద్రం మీద ఒంటరిగా ఉన్నప్పటి మాట వేరు, టనాగ్రాలో జలాద్‌తో ఉన్నప్పటి మాట వేరు, ఇద్దరూ కలిసి సముద్రం మీద బయల్దేరినప్పటి మాట వేరు. పేరు కథ ఏదో చెబుతుంది, పేరు పక్కనున్న స్థితి ఆ కథలో ఎక్కడున్నామో చెబుతుంది. ఈ భాషకు ఉన్న వ్యాకరణం ఇదే, ఇది చిన్నదేమీ కాదు. లేనివేమిటో కూడా చూడాలి. నేను, నువ్వు లేవు. నిన్న, రేపు లేవు. అవును, కాదు ఎక్కడా వినపడవు. చలిరాత్రి పికార్డ్ మంట రాజేసుకోలేక అవస్థపడుతుంటే డేథాన్ తన మంటలోంచి కాలుతున్న కట్టె తీసి అతనివైపు విసురుతూ టెంబా మాట అంటాడు. ఎవరు, ఎవరికి, ఏమిటి ఇచ్చారన్నది ఆ మాటలో లేదు. ఉండాల్సిన పనీ లేదు, కట్టె కళ్లముందే వచ్చి పడింది. ఎపిసోడ్ మొత్తంలో పికార్డ్ మొట్టమొదట పట్టుకున్న అర్థం ఇదే.

తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి కొత్తగా అనిపించకూడదు. పద్మవ్యూహంలో అభిమన్యుడు అంటాం. ఈ రెండు మాటల్లో ఉన్నదేమిటి? ఒక కుర్రాడి పేరు, సేనను మోహరించే తీరు పేరు. లోపలికి చొరబడటం తెలిసి బయటపడటం తెలియకపోవడం అనే సంగతి ఈ అక్షరాల్లో ఎక్కడుంది? ఎంత గాలించినా దొరకదు. శల్య సారథ్యం మరీ విచిత్రమైంది. ఫలానా వారి సారథ్యంలో అంటే గౌరవం. ముందు శల్యుడి పేరు చేరగానే అదే సారథ్యం తలకిందులవుతుంది. కర్ణుడి రథం తోలుతూ, ఎదుటివాడి గొప్ప చెబుతూ, అడుగడుగునా అతని ధైర్యాన్ని కుంగదీసిన మనిషి ఎవరో తెలియనివాడికి నిఘంటువు ఇచ్చే అర్థం సరిగ్గా వ్యతిరేకార్థం. ఉత్తరకుమార ప్రగల్భాలు, భగీరథ ప్రయత్నం, త్రిశంకు స్వర్గం, ఇవన్నీ టమారియన్ వాక్యాలే. పాతవే ఉంటాయనీ లేదు. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయ్యాక గిరీశం అనే పేరు ఒక మనిషి పేరుగా మిగల్లేదు. వాడు గిరీశంరా అంటే చాలు, ఇంకో విశేషణం అక్కర్లేదు. తేడా ఒక్కటే. తెలుగులో ఈ మాటలు భాషలో ఒక పొర. పొరుగువాడికి తెలియకపోతే మామూలు తెలుగులోకి దిగి శల్యుడెవరో వివరిస్తాం. టమారియన్లకు దిగడానికి కింద ఇంకో పొర లేదు. తమ మాటకు తామే టీక చెప్పుకోలేని భాష వాళ్లది.

దీనికి మొదటి అభ్యంతరం భాషాశాస్త్రం వైపు నుంచి వస్తుంది. ఏ భాషలోనైనా కథ మరుగున పడి మాట మిగులుతుంది కదా, టమారియన్‌లోనూ షాకా అంటే ఓటమి అని ఒక జాబితా రాసి యంత్రానికి ఇస్తే సరిపోదా అని. ఇది గట్టి ప్రశ్న. మన కాకతాళీయం చూడండి. కాకి వచ్చి వాలడం, అదే క్షణంలో తాటిపండు రాలడం, ఈ రెంటికీ సంబంధం లేకపోయినా ఉన్నట్టు కనిపించడం అందులోని కథ. ఈ రోజు ఆ మాట రాసే విలేకరికి గాని, చదివే పాఠకుడికి గాని కాకీ కనిపించదు, తాటిచెట్టూ కనిపించదు. మన ఆలంకారికులు దీన్ని ఎప్పుడో గుర్తించారు. కుశలుడు అంటే మూలంలో దర్భలు కోసి తెచ్చేవాడు, వాడుకలో నేర్పరి. మమ్మటుడు కావ్యప్రకాశంలో రూఢి లక్షణకు, అంటే మూలార్థం దాటి వాడుకలో స్థిరపడ్డ అర్థానికి, ఇచ్చిన ఉదాహరణ ఇదే. టమారియన్ మాటలన్నీ ఇలా రూఢి అయిపోయినవైతే అది వింత భాషేమీ కాదు, పొడుగు మాటలున్న మామూలు భాష. కానీ ఎపిసోడ్‌లో కనిపించే సాక్ష్యం అందుకు ఒప్పుకోదు. కథ చచ్చిపోయిన మాటలో పిడికిలి విప్పడం, బిగించడం ఉండవు. కాకతాళీయంలో కాకి ఎగిరిపోయిన తర్వాతి ఘట్టం గురించి మనం మాట్లాడలేం, ఎందుకంటే మన దృష్టిలో అక్కడ కాకే లేదు. టమారియన్లు కథలో ముందుకీ వెనక్కీ నడవగలరు. పైగా డేథాన్ డార్మాక్ కథ ప్రకారం ప్రాణానికి తెగిస్తాడు. అరిగిపోయిన నుడికారాన్ని నమ్ముకుని అంతపని ఎవరూ చెయ్యరు.

ఇయన్ బొగోస్ట్ అనే విమర్శకుడు 2014లో ది అట్లాంటిక్ పత్రికలో ఈ ఎపిసోడ్ మీద పెద్ద వ్యాసం రాశాడు. ఎపిసోడ్‌లో పాత్రలే ఈ భాషను ఉపమానాల భాషగా, బొమ్మల భాషగా వివరించడం తప్పని ఆయన వాదన. ఒక వస్తువును మరో వస్తువుకు పోలికగా చూపడం ఇక్కడ జరగడం లేదు, ఒక పరిస్థితి నడిచే తీరును, దాన్ని నడిపించే వ్యూహాన్ని పేరుపెట్టి పిలవడం జరుగుతోందంటాడు. ఈ సవరణ అవసరమైందే. ఉజానీ సేన గురించి డేథాన్ చెప్పింది కవిత్వం కాదు, అప్పటికప్పుడు చెయ్యాల్సిన పని. కానీ ఏ వ్యూహమో తెలియాలంటే చెప్పేవాడికీ వినేవాడికీ ఒకే కథ తెలిసి ఉండాలన్న షరతు ఈ సవరణతో తొలగిపోదు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో వాచ్యార్థం దాటి అందే అర్థం గురించి చెప్పినప్పుడు, అది వ్యాకరణం, నిఘంటువు తెలిసినంత మాత్రాన అందదని నొక్కి చెప్పాడు. దాన్ని అందుకోగల సహృదయుడు కావాలి. అనువాద యంత్రం అభిధను, అంటే మాటల నేరు అర్థాన్ని, అక్షరం పొల్లుపోకుండా అప్పగించింది. కావ్యం విషయంలో మనం అడిగే సహృదయత టమారియన్లకు మంచినీళ్లు అడగడానికి కూడా కావాలి. నౌకలో పికార్డ్ సహచరులు కంప్యూటర్లో వెతికి డార్మాక్ అంటే షాంటిల్ 3 గ్రహంలో ఒక పురాణ పురుషుడనీ, వేటగాడనీ, టనాగ్రా అక్కడి దీవి అనీ కనిపెడతారు. బాల్కనీలో జూలియెట్ అంటే ఆ నాటకం తెలిసినవాళ్లకే ప్రేమ అని తెలుస్తుంది, ఇదీ అలాంటిదే అని భాష కిటుకు కూడా పట్టుకుంటారు. అయినా ఒక్క మాట మాట్లాడలేకపోతారు. భాష ఎలా పనిచేస్తుందో తెలిసింది, కథలు తెలియలేదు.

అందరూ అడిగే రెండో ప్రశ్న, అసలు ఆ కథలు పిల్లలకు ఎలా చెబుతారని. కథ చెప్పడానికి మామూలు వాక్యం కావాలి, వాళ్లకు మామూలు వాక్యం లేదు, కనక ఇది జరిగే పని కాదంటారు. కథ అంటే చెవితో వినేదే అనుకోవడం వల్ల పుట్టిన చిక్కు ఇది. మన దగ్గర భారత, రామాయణాలు అక్షరం రానివాళ్లకు చేరింది చాలావరకు కంటిద్వారానే. తోలుబొమ్మలాటలో కీచకుడు ఎలా చచ్చాడో తెర మీద కనిపిస్తుంది. సురభి నాటక సమాజం 1885లో మొదలైంది కీచకవధతోనే. తెలంగాణలోని చేర్యాల పటాన్ని చూడండి. పొడవాటి గుడ్డ మీద నకాషీ చిత్రకారులు గీసిన బొమ్మలు వరసలు వరసలుగా ఉంటాయి. కథకుడు పటం విప్పుకుంటూ ఒక్కో బొమ్మ దగ్గర ఆగుతాడు. ఎర్రటి నేల మీద ఒక మనిషి, అతని చెయ్యి ఉన్న తీరు, పక్కనున్న గుర్రం లేదా చెట్టు, అదొక ఘట్టం. ఆ పటం పదిసార్లు చూసిన పిల్లవాడికి తర్వాత ఆ ఒక్క బొమ్మ చూపిస్తే ముందూ వెనకా జరిగిందంతా గుర్తొస్తుంది. చేతులు చాచిన టెంబా అన్నది అచ్చం అలాంటి ఒక బొమ్మ. టమారియన్ పిల్లలు కథల్ని చూసి, ఆడి, అనుకరించి నేర్చుకుంటారనుకోవడంలో అసాధ్యమేమీ లేదు. ఎపిసోడ్‌లో పెద్దమనిషి డేథాన్ చేసింది కూడా అదే కదా, పరాయి పిల్లవాడికి నేర్పినట్టు కథను ఆడి చూపించడం.

ఇంతకన్నా గడ్డు ప్రశ్న లెక్కల గురించి. నక్షత్రాల మధ్య తిరిగే నౌకలు కట్టిన జాతికి కొలతలు కావాలి, పురాణ పురుషుల పేర్లతో యంత్రం బిగించలేరు అన్నది ఆ వాదన. దీనికి మన జ్యోతిష గ్రంథాల్లో, శాసనాల్లో మంచి సమాధానం ఉంది. భూతసంఖ్యా పద్ధతిలో అంకెను అంకెగా రాయరు. చంద్రుడంటే ఒకటి, కళ్లంటే రెండు, వేదాలంటే నాలుగు, మన్మథుడికి అయిదు బాణాలు కాబట్టి బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్నా. కుడినుంచి ఎడమకు స్థానాలు పేర్చుకుంటూ పోవాలి. ఆకాశం, బాణం, వేదం అంటే 450. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు గ్రహగతుల లెక్కలు ఇలా రాశాడు. తెలుగునాట శాసనాల్లో శక సంవత్సరాలు ఇలా చెక్కినవి ఉన్నాయి. వీటిలో గందరగోళం ఏమీ లేదు. మన్మథుడి బాణాలెన్నో తెలిసినవాడికి అది అంకె రాసినంత ఖచ్చితం, తెలియనివాడికి అది ఒక పువ్వుల పద్యం. కథల మీద ఆధారపడటానికీ ఖచ్చితత్వానికీ వైరం లేదని దీన్నిబట్టి తేలుతోంది. టమారియన్ల ఇంజినీరు ఏ పద్ధతి వాడతాడో ఎపిసోడ్ చెప్పలేదు. అది రచయితలు వదిలేసిన ఖాళీయే, ఒప్పుకోవాలి. పూడ్చడానికి వీలుకాని ఖాళీ మాత్రం కాదు.

ఇక కొత్త విషయం సంగతి. పాత కథలే మాటలైన భాషలో మునుపెన్నడూ జరగనిది ఎలా చెప్పాలి? ఈ ఎపిసోడ్ కథంతా ఈ ప్రశ్నకు జవాబే. డేథాన్ పికార్డ్‌తో మాట్లాడాలి. ఇద్దరికీ కలిసిన కథ ఒక్కటీ లేదు. వివరించడానికి వేరే భాష లేదు. అలాంటప్పుడు చెయ్యగలిగిన పని ఒక్కటే, ఇద్దరికీ కలిపి ఒక కథ జరిగేలా చూడటం. అందుకే పికార్డ్‌ను తనతోపాటు ఎల్ అడ్రెల్ గ్రహం మీదికి దింపించి, రెండు బాకుల్లో ఒకటి అతనికి ఇస్తాడు. పికార్డ్ దాన్ని ద్వంద్వయుద్ధానికి సవాలు అనుకుంటాడు. మృగం వచ్చాక, ఉజానీ సేన మాటలు పని రూపంలో కనపడ్డాక, ఇద్దరూ కలిసి పోరాడుతున్న సరిగ్గా ఆ నిమిషంలో పికార్డ్ నౌక నుంచి అతన్ని కాపాడబోయి పైకి లాగడానికి ప్రయత్నిస్తారు. కొద్ది క్షణాలు అతను ఎటూ కాకుండా చిక్కుకుపోతాడు, ఒంటరిగా మిగిలిన డేథాన్‌ను మృగం చీరేస్తుంది. సహాయం చేద్దామన్న తొందరలో వాళ్లు తెంచింది ఒక వాక్యాన్ని. ఆ రాత్రి చావుబతుకుల మధ్య ఉన్న డేథాన్‌కు పికార్డ్ మెసొపొటేమియా కథ చెబుతాడు. గిల్గమేష్, ఎంకిడు అనే ఇద్దరు మొదట కొట్టుకుని, స్నేహితులై, కలిసి ఆపదల్ని ఎదిరించి, చివరికి ఒకరు చనిపోతే రెండోవాడు ఏడ్చిన కథ. భూమ్మీది కథల్లో డార్మాక్ కథకు తోడు రాగలిగింది దాన్నే ఎంచుకున్నాడంటే పికార్డ్‌కు ఆ భాష వచ్చేసినట్టే. తెల్లారాక తన నౌకకు తిరిగివచ్చి, యుద్ధానికి సిద్ధంగా ఉన్న టమారియన్లకు జరిగింది వాళ్ల మాటల్లోనే చెబుతాడు. విన్న అధికారి నోటి నుంచి అంతకుముందు ఏ టమారియనూ అనని మాట వస్తుంది, ఎల్ అడ్రెల్ దగ్గర పికార్డ్, డేథాన్ అని. భాషలోకి కొత్త మాట అలా వచ్చింది. గిరీశం మన భాషలోకి వచ్చిన దారి కూడా వేరేమీ కాదు. కాకపోతే అక్కడ ఒక రచయిత కలం పనిచేసింది, ఇక్కడ ఒక నాయకుడి ప్రాణం పోయింది.

నాకు ఈ భాషలో నచ్చింది ప్రాణాలొడ్డి కొత్త కథను పుట్టించే ఈ ధైర్యమే. 1998లో టెడ్ చాంగ్ రాసిన కథలో గ్రహాంతరవాసుల లిపి నేర్చుకున్న ఒకామెకు కాలం కనిపించే తీరే మారిపోతుంది. ఆ ఊహ గొప్పది, దాని మీద 2016లో వచ్చిన అరైవల్ సినిమా కూడా బాగుంటుంది. కానీ అక్కడ నేర్చుకునే మనిషికి ఏదో అతీతమైన శక్తి దక్కుతుంది. టమారియన్ నేర్చుకున్నవాడికి అలాంటిదేమీ దక్కదు, ఎదుటివాడి కథలో చోటు దొరుకుతుంది. 2021లో లోయర్ డెక్స్ అనే స్టార్ ట్రెక్ యానిమేషన్ ధారావాహికలో కేషాన్ అనే టమారియన్‌ను పికార్డ్ పక్షమైన ఫెడరేషన్ నౌకలో అధికారిగా చూపించారు. అతను మిగతావాళ్లలా మాట్లాడుతూనే మధ్యమధ్య తన భాషలోకి జారిపోతుంటాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా రచయితలు ఆ భాషను పూర్తిగా చదును చేసెయ్యకపోవడం మంచి నిర్ణయం.

డార్మాక్ నిడివి ముప్పావుగంట. చూడనివాళ్లు ఇకముందు అర్థాల జాబితాలేవీ వెతక్కుండా చూడండి. చలికాలంలో టెమార్క్ నది అనే మాట ఒకటి మొదట్లోనే వస్తుంది. డేథాన్ నౌకలో అతని మనుషులు నవ్వుతుంటే అతనంటాడు. దాని అర్థం ఇక్కడ కావాలనే రాయలేదు. ఆ మాట విన్న వెంటనే వాళ్లేం చేశారో గమనించండి.